అత్తగారి తల ఊగకుండా గేరు మార్చడం

మామగారి పాత కాంటెస్సా కారు నా చేతికొచ్చిన మొదటి ఆదివారం అత్తగారిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని మారేడ్‌పల్లి నుంచి బిర్లా మందిర్‌కు బయల్దేరాను. ట్యాంక్‌బండ్ దాటకముందే ఆవిడ అన్నారు: "నువ్వు గేరు మార్చినప్పుడల్లా తలూపుతున్నాను. దేనికి ఒప్పుకుంటున్నానో కాస్త చెప్పు నాయనా." అప్పటినుంచి నాకు అదే కొలత. వెనక కూర్చున్నవారి తల ఊగిందంటే గేరు సరిగ్గా పడలేదన్నమాటే.

ఇసుజు 1.8 లీటర్ల ఇంజన్, అయిదు గేర్లు, బండిని తోసేది వెనక చక్రాలు. అంబాసిడర్లు తిరిగే రోజుల్లో ఇది మామూలు బలం కాదు. ఇప్పటి చిన్న కార్లు మన తొందరను కడుపులో పెట్టుకుంటాయి, ఇది పెట్టుకోదు.

ముందు సీటు సరిచేసుకోండి. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి. క్లచ్ కింద మ్యాట్ మడతపడిందేమో చూడండి. సగం తొక్కిన క్లచ్‌తో గేరు వేస్తే వచ్చే కరకర శబ్దం నా జేబుకు బాగా తెలుసు.

పొద్దున్నే తీసిన బండిలో రెండో గేరు మొరాయిస్తుంది. గేర్ ఆయిల్ ఇంకా చిక్కగా ఉంటుంది మరి. రెండు మూడు కిలోమీటర్లు నెమ్మదిగా పోనివ్వండి, బలవంతం చేయకండి.

గేరు పెంచేటప్పుడు యాక్సిలరేటర్ వదలడం, క్లచ్ తొక్కడం ఒకేసారి జరగాలి. రాడ్డును పిడికిలితో కాదు, అరచేత్తో కదపండి. రెండు నుంచి మూడుకు వెళ్లేటప్పుడు చాలామంది దాన్ని పక్కకు లాగి తప్పు గేరులో పడేస్తారు. న్యూట్రల్‌లోకి తెచ్చి వదిలితే లోపలి స్ప్రింగే దాన్ని మధ్యకు తెస్తుంది. అక్కడి నుంచి నేరుగా ముందుకు తోయడమే మీ పని. ఆ న్యూట్రల్ దగ్గర అర క్షణం ఆగండి. ఇంజన్ వేగం ఆలోగా పై గేరుకు తగినంత దిగుతుంది. క్లచ్ పట్టుకునే చోట పాదం నిదానించాలి, ఆ తర్వాత వదిలేయవచ్చు.

అసలు పరీక్ష గేరు తగ్గించడంలో ఉంది. బిర్లా మందిర్ ఉన్న గుట్ట, నౌబత్ పహాడ్ ఎక్కే ముందు మూడులోంచి రెండుకు రావాలి. బండి వేగం అదే అయినా రెండో గేరులో ఇంజన్ దాదాపు ఒకటిన్నర రెట్లు వేగంగా తిరగాలి. ఆ వేగం మీరు ఇవ్వకపోతే చక్రాలు ఇస్తాయి. ఆ కుదుపే అత్తగారి మెడకు చేరుతుంది. వానలో అయితే వెనక చక్రాలు జారనూ వచ్చు. అందుకే క్లచ్ తొక్కి, న్యూట్రల్‌లోకి వచ్చి, యాక్సిలరేటర్‌ను ఒక్కసారి తట్టి, ఆ మోత తగ్గకముందే రెండు వేసి క్లచ్ వదలండి. సింక్రో రింగులు, అంటే గేరు పడేముందు లోపలి చక్రాల వేగాలను కలిపే రింగులు, అరిగిన బండయితే న్యూట్రల్‌లో క్లచ్ వదిలి, యాక్సిలరేటర్ తట్టి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేయాలి. కాలికి శ్రమే, కానీ గేర్ బాక్స్ విప్పించడం కంటే నయం.

ఎంత తట్టాలన్నది చెవికే తెలుస్తుంది. నేను నెక్లెస్ రోడ్డు మీద పొద్దున అయిదున్నరకు, పాటలు ఆపేసి నేర్చుకున్నాను. సిగ్నల్ దగ్గర మాత్రం న్యూట్రల్‌లో పెట్టి క్లచ్ మీంచి కాలు తీసేయండి. సాయంత్రం ఆరింటికి హైటెక్ సిటీ వైపు పని పడితే బండిని ఇంట్లోనే ఉంచి మెట్రో ఎక్కుతాను.