నష్టాల్లో ఉన్న కార్ల కంపెనీలో ఏ మోడల్ ఏ బ్రాండ్‌కి ఇవ్వాలి?

జనరల్ మోటార్స్ (జీఎం) 2009 జూన్ 1న దివాలా కోర్టుకెక్కేనాటికి అమెరికాలో దాని చేతిలో ఎనిమిది బ్రాండ్లున్నాయి: షెవ్రొలే, పాంటియాక్, బ్యూక్, క్యాడిలాక్, జీఎంసీ, శాటర్న్, హమ్మర్, సాబ్. జులై 10న బయటికొచ్చిన కొత్త కంపెనీ షెవ్రొలే, బ్యూక్, క్యాడిలాక్, జీఎంసీలనే ఉంచుకుంది. అదే పని ముందే, కోర్టు గడప తొక్కకుండా చేయాలంటే ఏ వరసలో చేయాలన్నది ఇక్కడ చూద్దాం. ఇది పాతబడిన సంగతేమీ కాదు. 2021లో ఏర్పడిన స్టెల్లాంటిస్ పుట్టడమే 14 బ్రాండ్లతో పుట్టింది.

ముందే ఒక మాట. ఒకే కారు నాలుగు పేర్లతో బయటికొస్తే అందరూ డిజైనర్లని తిడతారు. నిజానికి ఆ తప్పు షోరూమ్‌లో మొదలవుతుంది. తన పక్కవీధి షెవ్రొలే డీలర్ దగ్గర చిన్న కారు ఉంటే, పాంటియాక్ డీలర్ తనకీ ఒకటి కావాలంటాడు. కంపెనీ కాదనలేక షెవ్రొలే ముక్కు మార్చి ఇస్తుంది. అందుకే మోడళ్లు పంచే ముందే డీలర్ల లెక్క తేలాలి.

మొదటి పని: పట్టిక గీయండి

నిలువు వరసల్లో బ్రాండ్లు, అడ్డ వరసల్లో ధరల మెట్లు. 1921లో, అమ్మకాలు కుప్పకూలిన రోజుల్లో, జీఎం ఉన్నతాధికారి ఆల్‌ఫ్రెడ్ స్లోన్ తన కంపెనీకి వేసిన పట్టిక ఇలాంటిదే. అప్పట్లో కంపెనీ బ్రాండ్లు మధ్య ధరల్లో ఒకదాన్నొకటి తొక్కుకుంటూ ఉండేవి. ఆయన 450–600 డాలర్ల మెట్టు నుంచి 2,500–3,500 డాలర్ల మెట్టు దాకా ఆరు మెట్లు గీశాడు. ఒక మెట్టు మీద మన కారు ఒకటే ఉండాలన్నాడు. స్క్రిప్స్-బూత్, షెరిడన్ బ్రాండ్లని వదిలించుకున్నారు.

పట్టికలో వేయాల్సింది కంపెనీ ప్రకటించిన ధర కాదు. డిస్కౌంట్లు, తక్కువ వడ్డీ పథకాలు, ఎక్స్‌ఛేంజ్ బోనస్ అన్నీ పోను కొన్నవాడు నిజంగా కట్టిన డబ్బు వేయాలి. కాగితం మీద రెండు మెట్ల దూరంలో ఉన్న రెండు బ్రాండ్లు ఈ లెక్కలో ఒకే గడిలో కూర్చుంటాయి. చాలామంది ఇక్కడే కళ్లు తెరుస్తారు.

ప్రతి మోడల్‌కీ ఇంకో రెండు విషయాలు రాయండి: కొన్నవాడు ఎక్స్‌ఛేంజ్‌లో ఇచ్చిన పాత బండి ఏది, ఈ కారు దొరక్కపోతే ఏది కొనేవాడు. రెండో ప్రశ్నకి జవాబు ఎక్కువమంది దగ్గర మన కంపెనీదే మరో కారైతే, ఆ మోడల్ బయటి ఖాతాదారుని తేవడం లేదు, ఇంట్లోవాళ్లనే పంచుకుంటోంది.

ఈ పట్టికని ఒక్కో దేశానికి విడిగా గీయాలి. అమెరికాలో ముసలివాళ్ల కారుగా పేరుపడ్డ బ్యూక్‌ని జీఎం ఉంచుకోవడానికి పెద్ద కారణం అప్పట్లో చైనాలో దానికున్న గిరాకీ.

రెండో పని: జంట మోడల్ నిజంగా డబ్బు తెస్తోందా?

ఉదాహరణకి అనుకున్న అంకెలతో లెక్క చూడండి. అసలు మోడల్, అంటే అక్క కారు, ఏడాదికి లక్ష అమ్ముతోంది. అదే కారు వేరే బ్రాండ్ బ్యాడ్జ్‌తో వస్తే, ఆ చెల్లెలు 40 వేలు అమ్మింది. అందులో 60 శాతం మంది చెల్లెలు లేకపోతే అక్కనే కొనేవాళ్లు. అంటే కొత్తగా వచ్చినవి 16 వేలు. విడిభాగాలు, కూలి, రవాణా పోను బండికి 2,500 డాలర్లు మిగిలితే నాలుగు కోట్ల డాలర్లు. బాగానే ఉందనిపిస్తుంది. అయితే ఖాతాదారు రెండు షోరూమ్‌లూ తిరిగి, అక్కడి కొటేషన్ ఇక్కడ చూపించి బేరమాడతాడు. అక్క మీద సగటున 400 డాలర్లు అదనంగా తగ్గించాల్సి వచ్చిందనుకోండి. లక్ష బండ్ల మీద అది నాలుగు కోట్లు. వచ్చిందంతా అక్కడే పోయింది. చెల్లెలి డైలు (రేకుని నొక్కి ఆకారమిచ్చే అచ్చులు), ప్రకటనలు, పరీక్షల ఖర్చు ఇంకా మొదలే పెట్టలేదు.

లెక్కలో ఎక్కువగా వదిలేసేది ఆ 400 డాలర్లనే. చెల్లెలి ఖాతాలో 40 వేల అమ్మకాలు కనిపిస్తాయి, నష్టం అక్క ఖాతాలో పడుతుంది. రెండు బ్రాండ్లకీ వేర్వేరు అధిపతులుంటే ఈ రెండు కాగితాలూ ఒకే బల్ల మీదికి రావు. రప్పించడం మీ పని.

దీనికి మినహాయింపు ఒకటుంది. షెవ్రొలే సిల్వరాడో, జీఎంసీ సియెరా లోపల ఒకటే ట్రక్కు. అయినా జీఎంసీ బతికింది. డెనాలి లాంటి ఖరీదైన వేరియంట్లతో దాదాపు అదే ట్రక్కుకి ఎక్కువ ధర పలుకుతుంది, అదనంగా పెట్టిన ఖర్చు మాత్రం కొంచెమే. కాబట్టి జంట మోడల్‌కి పెట్టాల్సిన పరీక్ష ఇది: కాపీ సగటు అమ్మకపు ధర అసలు కన్నా పైన ఉందా? ఉంటే ఉంచండి. కింద ఉంటే, లేదా పైన ఉండి డిస్కౌంట్లతో దిగివస్తుంటే, తీసేయండి.

మూడో పని: డీలర్లని కలపండి

పూర్తి మోడళ్ల శ్రేణి బ్రాండ్‌కి అక్కర్లేదు, డీలర్‌కి కావాలి. ఈ తేడా పట్టుకుంటే సగం చిక్కు విడిపోతుంది. మూడు బ్రాండ్లు ఒకే కప్పు కింద అమ్మితే ఒక్కోదానికి మూడు నాలుగు మోడళ్లు చాలు. సెడాన్ ఒకటి తెస్తుంది, ట్రక్కు ఇంకొకటి తెస్తుంది, డీలర్‌కి అన్నీ ఉంటాయి. జీఎం కూడా బ్యూక్, పాంటియాక్, జీఎంసీలని ఒకే చోటికి చేర్చే పని మొదలుపెట్టింది. కానీ ఈలోపు డీలర్లని ఊరుకోబెట్టడానికి కాపీలు ఇస్తూనే పోయింది. షెవ్రొలే కోబాల్ట్‌కి పాంటియాక్ జీ5, ఏవియోకి జీ3. జోరుగా నడిపే కుర్రకారు బండిగా పేరున్న బ్రాండ్ కింద ఏవియోని అమ్మారు. ఆస్ట్రేలియా హోల్డెన్ నుంచి వచ్చిన వెనక చక్రాల డ్రైవ్ జీ8 ఆ పేరుకి తగ్గ కారే, కానీ అది వచ్చింది 2008లో. 2009 ఏప్రిల్ 27న పాంటియాక్ మూసేస్తున్నామని ప్రకటించారు.

ఇంకో ఒత్తిడి ఫ్యాక్టరీ వైపు నుంచి వస్తుంది. లైను ఖాళీగా ఉంది, ఇంకో బ్యాడ్జ్ వేసి నింపుదాం అంటారు. యూనియన్ ఒప్పందాల వల్ల పని లేకపోయినా జీతం ఇవ్వాల్సిన చోట ఈ వాదన మరీ బలంగా వినిపిస్తుంది, జీఎంలో జరిగింది అదే. లైను నింపడానికి చేసిన బండ్లు అద్దె కార్ల కంపెనీలకి చౌకగా పోతాయి, ఏడాది తిరిగేసరికి సెకండ్ హ్యాండ్ మార్కెట్లో పడతాయి, కొత్తదాని ధర పడగొడతాయి. లైను మూయాలా వద్దా అన్నది విడిగా తేల్చుకోండి, దాన్ని మోడళ్ల పట్టికలోకి రానివ్వకండి.

నాలుగో పని: ఏది పంచుకోవాలి, ఏది పంచుకోకూడదు

ఒకే పిండితో ఇడ్లీ, దోసె, ఊతప్పం వేస్తే ఎవరూ తప్పుపట్టరు. ఇడ్లీకే మూడు పేర్లు పెట్టి మూడు ధరలు చెబితేనే గొడవ.

కంటికి కనబడనివన్నీ పంచుకోండి: ఫ్లోర్, సస్పెన్షన్ బిగించే చోట్లు, ఇంజన్, గేర్‌బాక్స్, ఏసీ యూనిట్, సీటు లోపలి ఫ్రేము, వైరింగ్, పెట్రోల్ ట్యాంకు. చూసేవీ తాకేవీ వేరుగా ఉండాలి: డోర్ల బయటి రేకు, పైకప్పు వంపు, లైట్లు, డాష్‌బోర్డ్, సీట్లు, స్టీరింగ్ బరువు, సస్పెన్షన్ ట్యూనింగ్.

డబ్బు మిగల్చడానికి అందరి చెయ్యీ ముందుగా డోర్ల మీదికే పోతుంది, ఎందుకంటే వాటి డైలు ఖరీదు. డోర్లూ పైకప్పూ ఒకటే అయ్యాక ముందూ వెనకా ఎన్ని మార్చినా పక్కనుంచి అదే కారు. 1980ల్లో షెవ్రొలే సెలెబ్రిటీ, పాంటియాక్ 6000, ఓల్డ్స్‌మొబీల్ కట్లాస్ సియెరా, బ్యూక్ సెంచరీ పక్కపక్కన నిలబెడితే కవలల్లా కనబడి జీఎం నవ్వులపాలైంది ఇందుకే. 2005 నాటి మినీవ్యాన్లు ఇంకా ఘోరం: అప్‌ల్యాండర్, మోంటానా, రిలే, టెరాజా. నాలుగు బ్రాండ్లు, ఒకే బండి, నాలుగింటికీ వేర్వేరు ప్రకటనలు.

సరిగ్గా చేస్తే ఎలా ఉంటుందో మన రోడ్ల మీదే ఉంది. అప్పట్లో అనంతపురం జిల్లాలో, ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్న పెనుకొండ ఫ్యాక్టరీ నుంచి 2019లో వచ్చిన కియా సెల్టోస్‌కీ, మరుసటి ఏడు వచ్చిన కొత్త తరం హ్యుందాయ్ క్రెటాకీ ఇంజన్లు ఒకటే, కింది నిర్మాణమూ ఒకటే. బయట ఒక్క రేకూ కలవదు, లోపల కూర్చుంటే వేరే కారు. 1997లో దివాలా తీసిన కియాని హ్యుందాయ్ మరుసటి ఏడే కొంది. 2006లో పీటర్ ష్రేయర్‌ని డిజైన్ అధిపతిగా తెచ్చాక కియాకి సొంత ముఖం వచ్చింది. మారుతి బాలెనో, టొయోటా గ్లాంజాల్ని మాత్రం ఇక్కడ ఉదాహరణగా తీసుకోకండి. అది రెండు వేర్వేరు కంపెనీల మధ్య ఒప్పందం, ఒకే ఇంట్లో పంపకం కాదు.

లగ్జరీ బ్రాండ్ విషయంలో ఇంకాస్త కఠినంగా ఉండాలి. 1982 నాటి క్యాడిలాక్ సిమ్మరాన్ షెవ్రొలే కావలియర్ మీదే తయారైంది. 1.8 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజన్, 88 హార్స్‌పవర్, ధర 12 వేల డాలర్ల పైన. తోలు సీట్లు వేసినంత మాత్రాన ఎవరూ క్యాడిలాక్ అనుకోలేదు. 1988లో ఆపేసినా, ఆ పేరెత్తితే ఇప్పటికీ నవ్వుతారు. కింది నుంచి పైకి ఎక్కించిన కారుకి కనీసం ఇంజన్ వేరుగా ఉండాలి. అది కుదరకపోతే ఆ గడి ఖాళీగా ఉంచండి. ఖాళీ గడి వల్ల డబ్బు పోదు.

ఐదో పని: మూసేవాటిని ఎలా మూయాలి

పట్టికలో ఏ గడిలోనూ సొంతంగా నిలబడని బ్రాండ్ తేలుతుంది. దాన్ని వదిలించుకోవడానికి దారులు రెండు, రెండూ తేలిక కాదు.

మూసేయడం ఖరీదు. అమెరికాలో రాష్ట్రాల చట్టాలు డీలర్ల పక్షం, పరిహారం ఇవ్వక తప్పదు. ఓల్డ్స్‌మొబీల్‌ని ఆపుతామని 2000 డిసెంబర్‌లో ప్రకటిస్తే ఆఖరి కారు అలేరో లైను దిగింది 2004 ఏప్రిల్‌లో. ఖర్చు వంద కోట్ల డాలర్ల పైమాటే అని అప్పటి లెక్కలు. 1985లో పది లక్షలకు పైగా అమ్మిన బ్రాండ్ అది. ఆ బిల్లు చూసి భయపడే పాంటియాక్, శాటర్న్‌ల జోలికి ఎవరూ పోలేదని నా అంచనా. కానీ ఏటా కొత్త కాపీలకి పోసే డబ్బు కూడా కలిపి చూస్తే పరిహారమే చౌక.

అమ్మేయడానికి కొనేవాడు కావాలి, కొన్నాక వాడికి కార్లు ఎక్కణ్నుంచి వస్తాయో తేలాలి. శాటర్న్‌ని అమెరికాలో కార్ల షోరూమ్‌లు నడిపే పెన్‌స్కే కొనబోయింది. జీఎం కొంతకాలమే కార్లు చేసిస్తానంది, ఆ తర్వాత చేసివ్వడానికి రెనో ఒప్పుకోలేదు. 2009 సెప్టెంబర్ 30న బేరం చెడింది. హమ్మర్‌ని చైనా కంపెనీ టెంగ్‌జాంగ్‌కి ఇవ్వాలన్న ప్రయత్నం 2010 ఫిబ్రవరిలో ఆగిపోయింది. సాబ్‌ని 2010లో డచ్ స్పోర్ట్స్ కార్ల కంపెనీ స్పైకర్ కొంది, 2011 డిసెంబర్‌లో సాబ్ దివాలా తీసింది. సొంత ప్లాట్‌ఫామ్ (కారు కింది నిర్మాణం) లేని బ్రాండ్‌ని అమ్మడమంటే బోర్డునీ డీలర్ల చిరునామాలనీ అమ్మడమే. మరోవైపు ఫోర్డ్ 2008లో జాగ్వార్ ల్యాండ్ రోవర్‌ని టాటాకి అమ్మింది. దాంతోపాటు ఫ్యాక్టరీలూ ఇంజనీర్లూ వెళ్లారు, బేరం నిలబడింది.

ఎప్పుడు చేయాలన్నది కూడా ముఖ్యమే. కొత్త కారు డ్రాయింగ్ నుంచి షోరూమ్‌కి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది. శాటర్న్‌ని ఏళ్ల తరబడి దాదాపు ఒకే చిన్న కారుతో ఎండగట్టి, 2006 నుంచి ఆరా, అవుట్‌లుక్ లాంటి మంచి కార్లిచ్చారు. ఆరాకి 2007లో ఉత్తర అమెరికా ఉత్తమ కారు అవార్డు కూడా వచ్చింది. అవుట్‌లుక్ పక్కనే అదే ప్లాట్‌ఫామ్ మీద జీఎంసీ అకాడియా, బ్యూక్ ఎన్‌క్లేవ్, ఆ వెంటనే షెవ్రొలే ట్రావర్స్ దింపారు. మూసేయాలా బతికించాలా తేల్చని బ్రాండ్‌కి ప్లాట్‌ఫామ్ డబ్బు పోయకండి. తేల్చాక సగం సగం పోయకండి.

మూసివేత ప్రకటించే రోజుకి మూడు కాగితాలు సిద్ధంగా ఉండాలి: వారంటీ ఏ బ్రాండ్ సర్వీస్ సెంటర్‌లో నడుస్తుంది, విడిభాగాలు ఎన్నేళ్లు దొరుకుతాయి, ఈ బ్రాండ్ ఖాతాదారు మన మరో బ్రాండ్‌కి మారితే ఎంత తగ్గిస్తాం. ప్రకటన వచ్చిన మర్నాడే పాత బండి రీసేల్ ధర పడుతుంది. ఆ మూడో కాగితం ఆలస్యమైతే ఖాతాదారు నేరుగా టొయోటా షోరూమ్‌కి పోతాడు.