నడుస్తున్న ఎంపీఐ ప్రోగ్రామ్‌కు డీబగ్గర్‌ను జతచేయడం ఎలా?

ఎంపీఐతో (ప్రాసెస్‌లు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే పద్ధతితో) రాసిన సమాంతర ప్రోగ్రామ్ ఏ దోష సందేశమూ ఇవ్వకుండా మధ్యలో నిలిచిపోతే, దాన్ని ఆపేసి మళ్లీ మొదలుపెట్టకుండా అదే స్థితిలో జీడీబీ అనే డీబగ్గర్‌ను జతచేసి చూడడం మేలు. మళ్లీ నడిపినప్పుడు ఆ తప్పు అదే చోట బయటపడుతుందన్న నమ్మకం లేదు. 'టాప్' కమాండ్‌లో ప్రతి ప్రాసెస్ 100 శాతం సీపీయూ వాడుతున్నట్లు కనిపించినా పని సాగుతోందని అనుకోకూడదు. ఎంపీఐ లైబ్రరీల్లో ఒకటైన ఓపెన్ ఎంపీఐలో సందేశం కోసం ఎదురుచూసే ప్రాసెస్ కూడా సాధారణంగా సీపీయూను వదలదు.

కంపైల్ చేసేటప్పుడే 'మైనస్ జీ' ఆప్షన్ ఇచ్చి ఉండాలి. లేకపోతే ఫంక్షన్ల పేర్లు కనిపించవచ్చు గానీ, సోర్సులోని పంక్తి సంఖ్యలు, చలరాశుల విలువలు దొరకవు.

ప్రతి ర్యాంకూ (ఎంపీఐ ఒక సంఖ్య ఇచ్చి గుర్తించే భాగం) ఒక విడి ప్రాసెస్ కాబట్టి, అది నడుస్తున్న నోడ్‌లోకి (కంప్యూటర్‌లోకి) లాగిన్ అయి, 'పీగ్రెప్' కమాండ్‌కు ప్రోగ్రామ్ పేరు ఇచ్చి ప్రాసెస్ సంఖ్యలు తెలుసుకోవాలి. ప్రోగ్రామ్‌ను మొదలుపెట్టే 'ఎంపీఐరన్' ప్రాసెస్ సంఖ్య ఇందుకు పనికిరాదు. ఏ సంఖ్య ఏ ర్యాంకుదో తెలియాలంటే, ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్‌కు చెందిన 'ఎన్విరాన్' ఫైలు చూడాలి. ఓపెన్ ఎంపీఐ ఆ ప్రాసెస్ ర్యాంకు సంఖ్యను అక్కడ ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌గా ఉంచుతుంది.

తరువాత జీడీబీకి 'మైనస్ పీ' ఆప్షన్‌తో ఆ సంఖ్య ఇవ్వాలి. అనుమతి లేదన్న సందేశం వస్తే, లినక్స్ కెర్నెల్‌లోని 'పీట్రేస్ స్కోప్' విలువ చూడండి. ఉబుంటులో అది మామూలుగా 1గా ఉండి, పిల్ల ప్రాసెస్ కానిదానికి డీబగ్గర్‌ను జతచేయనివ్వదు. సొంత యంత్రమైతే రూట్ హక్కుతో 0 చేయవచ్చు. ఉమ్మడి క్లస్టర్ అయితే నిర్వాహకులను అడగాలి.

అసలైన పని ఇక్కడి నుంచే మొదలవుతుంది. 'థ్రెడ్ అప్లై ఆల్ బీటీ' అని ఇస్తే అన్ని థ్రెడ్ల స్టాకులూ (ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ను పిలిచిందో చూపే జాబితాలు) వస్తాయి. జతచేసినంతసేపూ ఆ ప్రాసెస్ ఆగి ఉంటుంది గనుక, స్టాకును ఫైలులోకి తీసుకుని 'డిటాచ్' చేసి తరువాతి ర్యాంకుకు వెళ్లాలి. ఒక్క ర్యాంకును గంటల తరబడి శోధించడం కంటే, అన్నింటి స్టాకులనూ పక్కపక్కన పెట్టి, మిగతావాటికి భిన్నంగా ఉన్నదాన్ని పట్టుకోవడమే సరైన దారి. ఉదాహరణకు, 8 ర్యాంకుల్లో 7 'బారియర్' (అన్ని ర్యాంకులూ చేరేదాకా ఆగే చోటు) వద్ద ఉండి, 3వ ర్యాంకు మాత్రం 'రిసీవ్'లో (సందేశం అందుకునే ఫంక్షన్‌లో) ఉంటే, దానికే మళ్లీ జతచేయాలి. స్టాకు పైభాగమంతా లైబ్రరీ ఫంక్షన్లే ఉంటాయి కనుక, మన సొంత కోడ్ వచ్చేదాకా 'అప్' కమాండ్‌తో వెళ్లి, 'ప్రింట్'తో పంపేవారి ర్యాంకు, ట్యాగు (సందేశానికి ఇచ్చే గుర్తు సంఖ్య) విలువలు చూడాలి. చాలాసార్లు ఆ ట్యాగుతో ఎవరూ సందేశం పంపకపోవడమే కారణమని అక్కడ తేలిపోతుంది.

తప్పు ప్రారంభంలోనే వచ్చి, జతచేసే వ్యవధి దొరకకపోతే, 'ఎంపీఐ ఇనిట్' తరువాత హోస్టు పేరూ ప్రాసెస్ సంఖ్యా ముద్రించి, ఒక వోలటైల్ (ప్రతిసారీ మెమరీ నుంచే విలువ చదివించే) చలరాశి 0గా ఉన్నంతకాలం నిద్రపోయే లూప్ రాయండి. జతచేసి, స్టాకులో ఆ లూప్ ఉన్న ఫ్రేముకు (ఫంక్షన్ పిలుపుకు) వెళ్లి, 'సెట్ వార్'తో దాన్ని 1 చేసి, కావలసిన చోట బ్రేక్‌పాయింట్ పెట్టి 'కంటిన్యూ' ఇస్తే ప్రోగ్రామ్ ముందుకు సాగుతుంది.