చిన్న కంపెనీల బ్రాండు, కోడు, ఫార్ములా చేజారకుండా: సమస్య - పరిష్కారం

సమస్య: ట్రేడ్‌మార్క్ స్టేటస్ 'అబ్జెక్టెడ్' అని చూపిస్తోంది

కారణం: ట్రేడ్‌మార్క్ ఆఫీసు పంపిన పరిశీలన రిపోర్టులో ట్రేడ్‌మార్క్ చట్టం సెక్షన్ 9 అని ఉంటే, మీ పేరు సరుకు గుణాన్నే చెబుతోందని అభ్యంతరం. కారంపొడికి 'ఘాటు' అని పేరు పెట్టడం ఇలాంటిదే. సెక్షన్ 11 అయితే దగ్గరి మార్కు ముందే ఉంది.

పరిష్కారం: రిపోర్టు అందిన నెలలోపు జవాబివ్వాలి. లేదంటే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. సెక్షన్ 9కి పాత ఇన్‌వాయిస్‌లు, ప్యాకెట్ ఫొటోలు, ప్రకటనల బిల్లులు అఫిడవిట్‌తో జత చేయండి. దరఖాస్తు తేదీకి ముందువే బలమైన సాక్ష్యం. ఫారంలో రాసిన, పేరును మొదట వాడిన తేదీకి తగిన బిల్లు లేకపోతే కేసు అక్కడే బలహీనపడుతుంది.

మీ పేరుకు ఇంకొకరు దరఖాస్తు చేశారా? అది ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో వచ్చిన 4 నెలల్లోపు అపోజిషన్ (వ్యతిరేకిస్తూ దరఖాస్తు) వెయ్యండి. గడువు పొడిగించరు.

సమస్య: యాప్ రాసిచ్చిన ఫ్రీలాన్సర్ అదే కోడు పోటీ కంపెనీకి ఇచ్చాడు

కారణం: డబ్బు కట్టాం కాబట్టి కోడు మనదే అనుకోవడం. ఉద్యోగంలో భాగంగా ఉద్యోగి రాసింది, వేరే ఒప్పందం లేకపోతే, కంపెనీదే. బయటివాళ్లు రాసింది మాత్రం రాతపూర్వకంగా బదిలీ చేసేదాకా వాళ్లదే.

పరిష్కారం: 1957 కాపీరైట్ చట్టం సెక్షన్ 19 ప్రకారం సంతకంతో అసైన్‌మెంట్ (హక్కుల బదిలీ పత్రం) రాయించుకోండి. ఏ కోడు, ఏ హక్కులు, ఎంతకాలం, ఏ దేశాలు, ఎంత సొమ్ము అన్నీ అందులో ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లే. ప్రాంతం రాయకపోతే ఇండియా వరకే. అమెరికా క్లయింట్లకు అమ్మే హైదరాబాద్ కంపెనీలు ఈ లైను తప్పక చూసుకోవాలి. ఏడాదిలోపు వాడని హక్కులు వెనక్కి పోతాయి, కాబట్టి అలా పోవని కూడా రాయించండి. చివరి వాయిదా సంతకం అయ్యాకే ఇవ్వండి.

సమస్య: పేటెంట్ దరఖాస్తుకు మీ యూట్యూబ్ వీడియోనే అడ్డొచ్చింది

కారణం: దరఖాస్తుకు ముందే బయటపెట్టారు. ఎగ్జిబిషన్‌కు ఇచ్చే 12 నెలల వెసులుబాటు కేంద్రం గెజిట్‌లో నోటిఫై చేసిన వాటికే.

పరిష్కారం: చూపించే ముందే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వెయ్యండి, 12 నెలల్లో కంప్లీట్ స్పెసిఫికేషన్ (పూర్తి వివరణ పత్రం) ఇవ్వండి. ఇప్పటికే చూపించేస్తే, వీడియోలో లేని మెరుగుదలకు మాత్రమే ప్రయత్నించండి.

సమస్య: సూపర్‌వైజర్ మసాలా ఫార్ములాతో పోటీ కంపెనీలో చేరాడు

కారణం: 'పోటీ కంపెనీలో చేరను' అనే షరతు ఉద్యోగం మానేశాక కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 ముందు నిలవదు. ట్రేడ్ సీక్రెట్లకు (వ్యాపార రహస్యాలకు) మనకు విడిగా చట్టం లేదు.

పరిష్కారం: గోప్యత షరతు నిలుస్తుంది, దాన్నే గట్టిగా రాయించండి. రహస్యంగా ఉంచిన రుజువు కూడా కావాలి. ప్రీమిక్స్ (ముందే కలిపిన మసాలా మిశ్రమం) ఒక్కరే తూచి, ఏ, బీ, సీ కోడ్లతో సీలు వేసిన ప్యాకెట్లు ఫ్లోర్‌కు పంపాలి. కొలతల పుస్తకం ఎవరు తీశారో రిజిస్టర్‌లో సంతకం ఉండాలి. మానేసే రోజు పత్రాలు, ఫోన్‌లో ఫైళ్లు తిరిగి ఇచ్చినట్టు జాబితా మీద సంతకం తీసుకోండి.