"బండి నువ్వే నడుపుకో, కిస్తీలు కట్టుకో" అంటే సంతకం పెట్టేముందు జర ఆగుండ్రి

వానకాలం వడ్లు కోతకొచ్చే టైం అయితే మిర్యాలగూడ మిల్లుల లోడ్లు, దామరచర్ల దిక్కు సిమెంటు లోడ్లు మంచిగ అందుకుంటయి, దసరాకు సొంత లారీకి పూజ చేసుకోవాలె అని డ్రైవర్ తమ్ముళ్ళ మనసు గూడ గుంజుతది. సరిగ్గ గప్పుడే ఓనర్లు, ట్రాన్స్‌పోర్టోళ్ళు ఈ బేరం తెస్తరు. ఇంత అడ్వాన్స్ ఇయ్యి, నెలనెల కిస్తీ నువ్వే కట్టుకో, మూడు నాలుగేండ్లకు బండి నీదే అంటరు. డౌన్ పేమెంటుకు చేతుల పైసలు లేనోళ్ళకు, సిబిల్ (అప్పులు సరిగ్గ కట్టిన్రా లేదా చెప్పే స్కోరు) ఖరాబైనోళ్ళకు ఇంతకంటే మంచి దారి లేదనిపిస్తది. అసలే వద్దు అని నేను చెప్తలేను, కానీ చూసుకోకుండ దిగితే ఏండ్లకేండ్లు రాత్రులు మేల్కొని వేరేటోళ్ళ అప్పు తీర్చినట్టయితది.

అన్నిటికంటే ముందు ఆర్సీ చూడుండ్రి. ఇసోంటి బేరంల ఎక్కువగ ఆర్సీ ఓనర్ పేరు మీదనే ఉంటది, హైపోతికేషన్ (అప్పు కింద బండి తాకట్టు) ఫైనాన్స్ కంపెనీది ఉంటది. మీరు ఓనర్ చేతుల పైసలు పెడ్తరు, ఆయన అవి ఇంకోదానికి వాడుకొని ఫైనాన్సుకు కట్టకపోతే సీజింగోళ్ళు చిట్యాల దగ్గర్నో జడ్చర్ల దగ్గర్నో లోడుతోనే బండి ఆపుతరు, నేను ప్రతి నెల కట్టిన అని మీరెంత మొత్తుకున్నా వాళ్ళ లెక్కల మీ పేరే ఉండదు. అందుకే కిస్తీ సీదా లోన్ అకౌంట్లకే పోవాలె, నెలనెల స్టేట్‌మెంట్ ఫొటో అడగాలె. ఫైనాన్స్ కంపెనీ ఒప్పుకోలు గూడ రాతల ఉంటే ఇంకా మంచిది, ఎందుకంటే వాళ్ళ ఎన్‌ఓసీ (మాకు అభ్యంతరం లేదు అనే కాగితం) లేకుండ ఆర్టీఏ ఆఫీసుల పేరు మారది.

ఇగ ఒప్పందం కాగితం. మధ్యల ఆపేస్తే అడ్వాన్స్ సంగతేంది, ఇంజిన్ పనికొస్తే ఎవరు పెట్టుకోవాలె, టైర్లెవరియి, యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ పైసలు ఎవరికి పోతయి, ఇవన్నీ రాయించుకోండ్రి. కాగితంల ఇంకో షరతు ఉంటది, మా లోడ్లే కొట్టాలె అని. ఇది చాలా డేంజర్. కిరాయి వాళ్ళే చెప్తరు, కిస్తీ వాళ్ళే ముందు పట్టుకుంటరు, మిగిలింది మీకిస్తరు, లోడు లేని నెల వస్తే మీరు బయటి లోడు ఎత్తుకోవద్దు కానీ కిస్తీ మాత్రం బాకీ పడుతది. అమెరికాల ఈ పద్ధతి లీజ్-పర్చేజ్ అని బాగ నడుస్తది, అక్కడి ప్రభుత్వం వేసిన టాస్క్‌ఫోర్సే 2025 జనవరిల దీన్ని నిషేధించాలె అని రిపోర్ట్ ఇచ్చింది. అంటే ఎంత మంది డ్రైవర్లు మునిగితే అంత మాట అన్నరో ఆలోచించుండ్రి.

లోను తీసుకొని మీ పేరు మీద కొంటే గూడ కష్టాలున్నయి, కానీ కట్టిన ప్రతి రూపాయి మీ బండి మీదనే పడుతది. అక్కడ వడ్డీ దగ్గర మోసపోవద్దు. 10 లక్షలకు 9 శాతం ఫ్లాట్ (బాకీ తగ్గుతున్నా మొదటి అప్పు మొత్తం మీదనే వడ్డీ), నాలుగేండ్లు అంటే వడ్డీ 3 లక్షల 60 వేలు, నెలకు దగ్గర దగ్గర 28,333 కిస్తీ. వినడానికి 9 శాతమే కానీ తగ్గే బాకీ మీద లెక్క చేస్తే ఇది 16 శాతం దాకా పడుతది. అందుకే ఫ్లాటా, రెడ్యూసింగా అని నోరు తెరిచి అడగాలె, రాతల తీసుకోవాలె. కొత్త బండి అయితే 2025 సెప్టెంబర్ 22 నుంచి లారీల మీద జీఎస్టీ 28 నుంచి 18కి తగ్గింది, కొటేషన్ల ఆ తగ్గింపు కనపడుతదా చూడుండ్రి.

పాత బండి అయితే పొద్దుగాల, ఇంజిన్ చల్లగున్నప్పుడే పోండ్రి, మీరొచ్చేసరికే స్టార్ట్ చేసి పెట్టిండంటే అనుమానపడాలె. స్టార్ట్ చేసి పొగ చూడుండ్రి, నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతున్నట్టు. ఆయిల్ మూత తీస్తే గ్యాస్ గట్టిగ కొడ్తుందా చూడుండ్రి, కొడ్తే ఇంజిన్ లోపల అరిగినట్టు. ఛాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తోని రుద్ది ఆర్సీతోని కలపాలె. సర్కారు వాహన్ సైట్ల ఫిట్‌నెస్, చలాన్లు, హైపోతికేషన్ చూడాలె. బీఎస్6 (కొత్త పొగ రూల్స్ ప్రకారం చేసిన) బండి అయితే పొగ శుభ్రం చేసేందుకు పోసే యూరియా ద్రవం ఖర్చు గూడ లెక్కల పెట్టుకోండ్రి.

ఏ దారి పట్టినా లెక్క మాత్రం సీజన్ నెలతోని వెయ్యొద్దు. మిల్లులు మెల్లగై, వానలు పడి బండి యార్డుల నిలబడ్డ నెల తీసుకొని అందుల నుంచి కిస్తీ, డీజిల్, బత్తా, ట్యాక్స్, ఇన్సూరెన్స్‌కు నెల వాటా, ఏడాదికి 16,500 నేషనల్ పర్మిట్ ఫీజు, టైర్లు అన్నీ తీసెయ్యుండ్రి. మూడు నెలల కిస్తీ పక్కకు పెట్టుకోలేకపోతే ఈ సీజన్ జీతానికి నడిపి పైసలు కూడబెట్టుకొని వచ్చే ఏడాది చూసుకున్నా నష్టం లేదు.

ఓనర్ పేరు మీది బండే తీసుకుంటే ఇంకొక్క మాట. అప్పు తీరినంక ఎన్‌ఓసీ, ఫారం 35 (హైపోతికేషన్ తీసేసే ఫారం) ఓనర్ చేతికే ఇస్తరు, గాబట్టి ఆ రోజు మీరు గూడ ఆయన వెంబడి పోండ్రి, బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు చేయించుకొని అటు నుంచి అటే ఆర్టీఏ పని మొదలుపెట్టుండ్రి.