పట్టుచీరలు బీరువాలో పెట్టే ముందు జాగ్రత్తలు

• చీర పూర్తిగా ఆరిందా? పైకి పొడిగానే ఉంటుంది కానీ ఫాల్ కుట్టిన అంచు కింద, కొంగు ముడుల్లో తడి మిగులుతుంది. అక్కడ వేళ్లతో నొక్కి చూడండి. ముక్కిపోయిన వాసన మొదలయ్యేది అక్కడే.

• కట్టి విప్పిన చీరను వెంటనే మడతపెట్టొద్దు. చెమట ఆరేదాకా నీడలో గాలికి ఆరేయండి. ఎండకైతే రంగు వెలుస్తుంది.

• ఇస్త్రీ వేడి చల్లారాకే లోపల పెట్టాలి.

• వట్టివేళ్లు, లవంగాలు, వేపాకు పల్చటి నూలుగుడ్డలో మూటకట్టి అర మూలన ఉంచండి. వేపాకు నలిపితే పొడైపోయేంత ఎండాలి, పచ్చిగా ఉంటే బూజు పడుతుంది. నన్నడిగితే వట్టివేళ్ల పరిమళం ముందు ఏ సెంటూ నిలవదు. సెంటు చీర మీద అసలే చల్లొద్దు, మరక పడుతుంది.

• కర్పూరం జరీకి తగలకూడదు. చీరను పాత తెల్ల పంచెలో చుట్టండి, ప్లాస్టిక్ కవర్ వద్దు. కర్పూరం, కలరా ఉండలు కలిపి పెట్టొద్దు.

• ఇంట్లో చిన్నపిల్లలుంటే ఇది మాత్రం మరవకండి: కర్పూరం మింగితే ఫిట్స్ రావచ్చు, ప్రాణానికే ప్రమాదం. బీరువాకి తాళం వేయండి. పసిపిల్లల బట్టల్లో కర్పూరం, కలరా ఉండలు రెండూ వద్దు.