ఇంపోర్ట్ టూల్ సర్వర్‌కు కనెక్ట్ కానప్పుడు తప్పు సెట్టింగును పట్టుకోవడం

కనెక్షన్ విఫలమైందని, డేటాబేస్ సర్వర్‌లోకి డేటాను చేర్చే ఇంపోర్ట్ టూల్ చెప్పగానే చాలామంది హోస్ట్ (సర్వర్ యంత్రం పేరు లేదా చిరునామా), పోర్ట్ (ఆ యంత్రంలో సర్వీసును చేరే ద్వారం సంఖ్య), యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అన్నిటినీ ఒకేసారి మార్చి చూస్తారు. దానివల్ల సరిగ్గా ఉన్న విలువ కూడా చెడిపోయి, అసలు తప్పు మరింత మరుగున పడుతుంది. ఇప్పుడున్న సెట్టింగులను ముందు ఒకచోట రాసిపెట్టుకుని, ఎర్రర్ సందేశాన్ని చివరిదాకా చదవండి. కనెక్షన్ ఏ దశలో ఆగిందో తరచుగా అందులోనే తెలుస్తుంది.

హోస్ట్ దొరకలేదని వస్తే పాస్‌వర్డ్ జోలికి వెళ్లనవసరం లేదు. పేరులో అక్షరదోషం, కాపీ చేసినప్పుడు చివర చేరిన ఖాళీ, బ్రౌజర్ చిరునామాలో లాగా ముందు అంటుకున్న హెచ్‌టీటీపీ వంటివి చూడండి. సంస్థ లోపలి సర్వర్ అయితే, బయటినుంచి సంస్థ నెట్‌వర్క్‌లోకి చేర్చే వీపీఎన్ ఆన్‌లో ఉందో లేదో కూడా చూడాలి.

'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అని వెంటనే వస్తే, సాధారణంగా యంత్రం అందుబాటులోనే ఉంది కానీ ఆ పోర్ట్‌లో ఏ సర్వీసూ నడవడం లేదని అర్థం. చాలాసేపు ఆగి 'టైమ్‌డ్ అవుట్' అని వస్తే కనెక్షన్లను అడ్డగించే ఫైర్‌వాల్‌నో తప్పు ఐపీ చిరునామానో అనుమానించాలి. డేటాబేస్ సాఫ్ట్‌వేర్లలో మామూలుగా మైఎస్‌క్యూఎల్‌కు 3306, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్‌కు 5432, ఎస్‌క్యూఎల్ సర్వర్‌కు 1433, ఒరాకిల్‌కు 1521 పోర్టులు ఉంటాయి. నిర్వాహకులు వీటిని మార్చి ఉండవచ్చు కనుక వారిని అడిగి నిర్ధారించుకోవడమే మేలు.

ఎక్కువమందిని తికమక పెట్టేది 'లోకల్‌హోస్ట్'. ఈ మాటకు అర్థం టూల్ నడుస్తున్న యంత్రమే తప్ప, మీ మనసులో ఉన్న సర్వర్ కాదు. టూల్ డాకర్ కంటెయినర్‌లో (ప్రోగ్రామును మిగతా యంత్రం నుంచి వేరుచేసి నడిపే పెట్టెలాంటిది) నడుస్తుంటే లోకల్‌హోస్ట్ అంటే సాధారణంగా ఆ కంటెయినరే అవుతుంది. పక్కనే డేటాబేస్ నడుస్తున్నా ఆ పేరుతో టూల్‌కు కనిపించదు. లినక్స్‌లో మైఎస్‌క్యూఎల్ సొంత క్లయింట్లు లోకల్‌హోస్ట్ అని ఇస్తే నెట్‌వర్క్‌కు బదులు సాకెట్ ఫైల్‌ను (ఒకే యంత్రంలోని ప్రోగ్రాములు మాట్లాడుకునే దారి) వాడతాయి, 127.0.0.1 అని ఇస్తే నెట్‌వర్క్ దారిలో వెళ్తాయి. ఒకటి పనిచేయనప్పుడు రెండోది ప్రయత్నిస్తే లోపం ఏ దారిలో ఉందో తేలుతుంది.

మైఎస్‌క్యూఎల్‌లో 1045 ఎర్రర్ వస్తే నిరాశపడకండి. సర్వర్ దాకా చేరారు, లాగిన్ దగ్గర మాత్రమే ఆగారు. ఆ సందేశం చివర 'యూజింగ్ పాస్‌వర్డ్: నో' అని ఉంటే టూల్ పాస్‌వర్డ్‌ను అసలు పంపలేదన్నమాట. అందులో యూజర్ పేరు పక్కన కనిపించే హోస్ట్‌ను కూడా గమనించండి, ఎందుకంటే మైఎస్‌క్యూఎల్ ఖాతాకు అనుమతి యూజర్ పేరుతో పాటు అతడు ఏ యంత్రం నుంచి వస్తున్నాడన్న దానిపైనా ఆధారపడుతుంది. వివరాలన్నీ ఒకే యూఆర్ఎల్‌గా ఇచ్చే టూల్స్‌లో పాస్‌వర్డ్‌లోని '@' గుర్తును '%40'గా రాయాలి. లేకపోతే దాని తరువాతి భాగాన్ని టూల్ హోస్ట్ పేరుగా పొరబడవచ్చు.

వీటన్నిటికన్నా నేను ఎక్కువగా భయపడేది ఏ ఎర్రరూ లేకుండా వేరే సర్వర్‌కు కనెక్ట్ కావడం. పరీక్ష సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లోకి వెళ్తే, పాత పట్టికలను ఖాళీ చేసి నింపే ఎంపిక ఒక్కటి చాలు, డేటా పోవడానికి. అందుకే కనెక్షన్ కుదిరిన తరువాత కూడా సర్వర్ పేరు, డేటాబేస్ పేరు ఏమిటో ఒక క్వెరీతో (డేటాబేస్‌కు పంపే ప్రశ్న) సర్వర్‌నే అడిగి, తెలిసిన ఒక పట్టికలో వరుసల సంఖ్య సరిపోతుందో లేదో చూసి, ఆ తరువాతే ఇంపోర్ట్ బటన్ నొక్కండి.