పాత పికప్ బాడీకి చవకలో చెక్క ఫ్లోర్

నా పికప్ బాడీకి ఇప్పుడున్నది మూడో ఫ్లోర్. మొదటిది ప్లైవుడ్. ఒకే షీటు, నాలుగు స్క్రూలు, ఒక్క పూటలో పని అయిపోయింది. దాని మీద రబ్బరు మ్యాట్ పరిచి మురిసిపోయాను. రెండో వానాకాలం దాటాక మ్యాట్ ఎత్తి చూస్తే అంచులు పొరలు పొరలుగా విడిపోయి ఉన్నాయి. స్క్రూడ్రైవర్ గుచ్చితే మెత్తగా దిగిపోయింది. రెండోసారి మంచి పలకలే వేశాను గానీ సందు లేకుండా బిగించేశాను. నాలుగు వానలకే ఉబ్బి, మధ్యలో రెండు పలకలు గుడారంలా పైకి లేచాయి. రెండుసార్లూ తప్పు చెక్కది కాదు. నీళ్లు పోయే దారి, చెక్క ఉబ్బడానికి చోటు నేనే వదల్లేదు.

అందుకే ఖరీదైన టేకు కోసం తిరక్కండి. పైన్ చాలు. పాత ఇళ్లు కూల్చిన చోట దొరికే చెక్క ఇంకా నయం, ఏళ్ల తరబడి ఆరి ఉంటుంది. కాకపోతే కోసే ముందు ప్రతి పలక మీదా ఒక అయస్కాంతం జరపండి. లోపల విరిగిన మేకు ఉంటే అక్కడ పట్టుకుంటుంది. ఈ పని చేయక ఒక రంపం బ్లేడు పోగొట్టుకున్నాను. చెదలు పట్టకుండా రసాయనం ఎక్కించిన చెక్క కొంటే, అందులోని రాగి మామూలు బోల్టుల్ని తినేస్తుంది. దానికి స్టెయిన్‌లెస్ స్టీలువి గానీ హాట్ డిప్ గాల్వనైజ్డ్‌వి (కరిగిన జింకులో ముంచి పూత పట్టించినవి) గానీ వాడాలి.

నా లెక్క ఇది: 25 మిల్లీమీటర్ల మందం, 150 వెడల్పు ఉన్న పలకలు 8. పలకకీ పలకకీ మధ్య 10 మిల్లీమీటర్ల సందు. అన్నీ కలిపి 1270. మీ బాడీ వెడల్పు కొలిచి, చివరి పలకల్ని దానికి తగ్గట్టు చీల్చుకోండి. చక్రాల గూళ్ల దగ్గర మాత్రం కొలతల్ని నమ్మొద్దు. అట్టముక్క పెట్టి, కత్తిరించి, సరిపోయాక దాన్ని చెక్క మీద గీసుకోండి.

పాత ఫ్లోర్ ఊడదీశాక కింద అడ్డ పట్టీలు కనిపిస్తాయి. వైర్ బ్రష్‌తో తుప్పు రాల్చి, సుత్తితో కొట్టి చూడండి. ఖణేల్‌మనాలి. మొద్దుగా మోగితే ఆ పట్టీ మార్చాల్సిందే. మిగతావాటికి ప్రైమర్, పెయింట్ వేసి, పైన పాత ట్యూబు రబ్బరు ముక్కలు అంటించండి. కిరకిరలు తగ్గుతాయి, తడి చెక్క నేరుగా ఇనుముకి ఆనదు.

ఇప్పుడు అసలు కిటుకు. పలకలకి ఒక్క రంధ్రం కూడా పెట్టక్కర్లేదు. ప్రతి సందు మీదా దాని పొడవునా ఒక ఇనుప ఫ్లాట్ పట్టీ, 40 వెడల్పు, 3 మందం. బోల్టు పట్టీలోంచి సందులోకి దిగి, కింద అడ్డ పట్టీకి బిగుస్తుంది. పలకల్ని పట్టీ అంచులు నొక్కి పట్టుకుంటాయి, పలక ఉబ్బినా కుంచించుకుపోయినా వాటి కింద జరుగుతుంది. రెండు పక్కల చివరి అంచుల్ని బాడీ గోడకి బిగించిన L ఆకారపు ఇనుప యాంగిల్‌తో అదే రకంగా నొక్కిపెట్టాను.

గుండ్రటి తల, దాని కింద చదరపు మెడ ఉండే క్యారేజ్ బోల్టులు తీసుకోండి. ఆ మెడ పట్టడానికి పట్టీలో చదరపు రంధ్రం కావాలి. 8 మిల్లీమీటర్ల డ్రిల్ వేసి, సన్న చదరపు ఆకురాయితో నాలుగు మూలలూ రాస్తే, బోల్టు తల మీద సుత్తితో ఒక్కటి తట్టగానే ‘టక్’మని కూర్చుంటుంది. నాకు 7 పట్టీలు, 5 అడ్డ పట్టీలు, మొత్తం 35 రంధ్రాలు. చెయ్యి నొప్పెట్టింది గానీ ఇప్పుడు నట్టు తిప్పితే తల తిరగదు, పైన ఇంకొకరు పట్టుకోనక్కర్లేదు.

అడ్డ పట్టీకి డ్రిల్ పెట్టే ముందు మాత్రం కింద దూరి చూడండి. నేను ఊపు మీద ఉన్నాను. “బావా, ఆగు! కింద పైపు చూశావా?” అని మా బావమరిది అరవకపోతే బ్రేక్ పైపులోకి డ్రిల్ దించేసేవాణ్ణి. ఇంధనం పైపు, లైట్ల వైర్లు కూడా అక్కడే పాకుతుంటాయి.

బిగించే ముందే పలకలకి ఆరు వైపులా ఉడికించిన అవిసె నూనె (‘బాయిల్డ్ లిన్సీడ్ ఆయిల్’ అని అమ్మేది, ఇంట్లో కాచేది కాదు) పట్టించండి. కోసిన చివర్లు నీళ్లు ఎక్కువ తాగుతాయి, అక్కడ మూడు నాలుగు పూతలు పడాలి. నూనె తుడిచిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనివ్వాలి, లేదా నీళ్లలో ముంచి మూత ఉన్న ఇనుప డబ్బాలో పెట్టాలి.

నట్టులు పలక కదలకుండా ఉండేంత బిగిస్తే చాలు. నెల తిరిగాక మళ్లీ స్పానర్ వేయండి. నావి అప్పటికి సగం వదులయ్యాయి.